రేవు చరిత్ర ఎవరిది?

చరిత్రను చూపించడం నేడొక వ్యాపారం. పర్యాటక సంస్థలు జనాన్ని గుంపులుగా పాత నగరాలకు తీసుకుపోతాయి. ముందు ఒక గైడు నడుస్తాడు. కోట, చర్చి, గవర్నరు భవనం చూపి, కట్టించినవాని పేరు చెబుతాడు. కట్టినవాని పేరు చెప్పడు. ఈ లోపం గైడుది మాత్రమే కాదు. పాలకవర్గాలు రాయించిన చరిత్రకు అతడు గొంతు అరువిస్తున్నాడు, అంతే.

కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో విల్లెంస్టాడ్ అనే రేవు నగరం ఉంది. ఆ దీవిని డచ్చి వెస్టిండియా కంపెనీ 1634లో ఆక్రమించింది. నగరంలోని పాత భాగాన్ని 1997లో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు. రేవు వెంబడి వరుసగా నిలిచిన రంగు రంగుల ఇళ్ల బొమ్మలు ప్రపంచమంతటా అమ్ముడుపోతాయి. ఆ ఇళ్లకు పునాది వేసిన సంపదలో బానిసల వర్తకం వాటా ఎంత? ఆఫ్రికా నుండి తెచ్చిన మనుషులను అమ్మిన పెద్ద అంగడి అది. 1795లో టూలా అనే బానిస నాయకత్వాన అక్కడ తిరుగుబాటు జరిగింది. పాలకులు అతన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. టూలా లేకుండా ఆ నగరాన్ని చూసినవారు గోడలను చూశారు గాని, చరిత్రను చూడలేదు.

ఎక్కడి కరీబియన్, ఎక్కడి కృష్ణా డెల్టా అని పాఠకులు అడగవచ్చు. ఆ రెంటినీ కలిపిన దారం నూలు దారమే. ఆ మధ్య కొందరు సాహిత్య విద్యార్థులతో కలిసి, ఒక గైడు వెంట, తెనాలి నుండి భట్టిప్రోలు, రేపల్లె మీదుగా నిజాంపట్నం, అక్కడినుండి బాపట్ల చూసి వచ్చాను. నిజాంపట్నాన్ని విదేశీ వర్తకులు పెతాపోలి అన్నారు. డచ్చివారు 1606లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఆంగ్లేయ నౌక అక్కడికి వచ్చింది. మా గైడు ఈ సంవత్సరాలను గర్వంగా చెప్పాడు. ఆ నౌకలు దేనికోసం వచ్చాయో మాత్రం చెప్పలేదు.

అవి వచ్చింది గుడ్డల కోసం. ఈ తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపు ఉతికినకొద్దీ నిగ్గు తేలేది. ఆ వేరు తవ్వినవారు, నూలు వడికిన స్త్రీలు, నేసినవారు, అద్దినవారు – వీరి చేతులమీదుగా తయారైన సరుకును కంపెనీలు తూర్పు దీవుల సుగంధ ద్రవ్యాలకు మారకం వేశాయి. అంతేకాదు, కోరమండల్ తీరపు గుడ్డలు పడమటి ఆఫ్రికాకు పోయి అక్కడ మనుషుల కొనుగోలుకు ధరగా చెల్లాయి. వాటికి గినీ గుడ్డలని పేరే పడింది. ఆ కొన్న మనుషులనే కరీబియన్ చెరకు తోటలకు తోలారు. మన సాలెవాడు బయానా అప్పులో ఇరుక్కుని నేసిన గుడ్డ, తానెరుగని మరొక శ్రమజీవి మెడకు ఉరిత్రాడైంది. బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకే మన తీరాల నుండి ఒప్పంద కూలీలను ఎక్కించారు. ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌కు 1854 నుండి 1889 దాకా దాదాపు 42 వేలమంది భారతీయులు పోయారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మొదట గుడ్డ పోయింది, తర్వాత మనిషి పోయాడు.

ఈ దృష్టితో చూస్తే మిగిలిన చోట్లు కూడా మరోలా పలుకుతాయి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు కరండాలపై కుబీరకుడనే రాజు పేరుంది. దాని పక్కనే గోష్ఠికి, నిగమానికి చెందిన మామూలు పౌరుల పేర్ల జాబితా ఉంది. మా గైడు రాజు పేరు చెప్పి ఊరుకున్నాడు. ఆ స్తూపపు ఇటుకా రాయీ రోడ్లకూ కాలువ పనులకూ తరలిపోయిన సంగతీ చెప్పలేదు. చీరాలకు దగ్గరలోని మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకుని సరుకుకు రక్షణ ఇచ్చింది. ఆ సరుకు నేసినవానికి అభయమిచ్చిన శాసనమేదీ ఆ రేవులో కనబడదు. తన అభయాన్ని తానే చూసుకోవలసి వచ్చినప్పుడు చీరాల-పేరాల ప్రజలు 1921లో మునిసిపల్ పన్నులను ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఊరే విడిచి, సుమారు 11 నెలలు రామనగర్ పాకల్లో గడిపారు.

1943 ఫిబ్రవరిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభ జరిగింది తెనాలిలోనే. ప్రజలే చరిత్ర నిర్మాతలన్న మాటను మన సాహిత్యం అప్పటినుండీ చెబుతూనే ఉంది. అయితే రాజు పేరు కొట్టివేసి, ఆ చోట ‘శ్రామికుడు’ అనే మాట రాస్తే చరిత్ర మారదు. అది కూడా గైడు పనే, నినాదం మాత్రం వేరు. చిరివేరు ఎలా తవ్వారు? బయానా షరతులేమిటి? ఓడకు గుడ్డ ఎక్కించిన కూలికి ఏం ముట్టింది? ఈ వివరాలు తెలియని అభిమానం కథలో బొమ్మలనే నిలబెడుతుంది, మనుషులను కాదు.

మన యువ రచయితలు నిజాంపట్నం పోవాలి. గైడు చెప్పింది వినాలి, సంవత్సరాలు రాసుకోవాలి. ఆ తర్వాత సాలెపేటలకూ పల్లెపాలేలకూ నడిచి అతడు చెప్పనిదాన్ని అడగాలి. చరిత్ర రచనకు అసలు పని అక్కడే మొదలవుతుంది.