అరను వీడిన స్పీకర్

పుస్తకాల అరలో ఇమిడే స్పీకర్‌కు స్టాండు ఎందుకు కావాల్సివచ్చింది? 1954లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 స్పీకర్‌ను తెచ్చింది. మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగులా పనిచేయించడంతో, భారీ పెట్టెలకే సాధ్యమనుకున్న మంద్రస్వరం చిన్న పెట్టెలోంచి పలికింది. స్పీకర్ అరలోకి చేరింది. కానీ 1958లో స్టీరియో రికార్డులు బజారుకొచ్చాక లెక్క మారింది. గాయని మధ్యలో, వయొలిన్ ఎడమన వినిపించాలంటే రెండు స్పీకర్లూ శ్రోతకు సమదూరంలో, హెచ్చుస్వరాలు పలికే ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండాలి. ఆ స్థానాన్ని అర ఇవ్వలేదు, స్టాండు ఇచ్చింది. అందుకే స్టాండును అలంకారంగా కాక, స్పీకర్‌లో భాగంగానే చూడాలి.

ఇది అమ్మకందారుల ఎత్తుగడేనని కొందరంటారు. బీబీసీ ఇంజనీర్లు 1970లలో ప్రసార వాహనాల కోసం రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ స్పీకర్ ఇరుకు చోట్లోనే పనిచేసింది కదా అనీ అడుగుతారు. నిజమే, అది ఆ పనికే పుట్టింది. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ పెట్టె ఇళ్లలోకి వచ్చాక మాత్రం ఎందరో శ్రోతలు దాన్ని గోడకు దూరంగా స్టాండు మీదే నిలిపారు. గోడ దగ్గరైతే మంద్రస్వరం ఉబ్బుతుంది. ఇది భౌతికశాస్త్రం, ప్రచారం కాదు. స్టాండు అడుగున మేకులు బిగించడం, లోపల ఇసుక నింపడం వంటివాటి మీద వాదించుకోవచ్చు. ఎత్తు, స్థిరత్వం, గోడ నుంచి దూరం మాత్రం వాదనకు అతీతం. ఈ మూడూ సమకూరితే ఇంట్లో వడ్రంగి చేసిన చెక్క స్టాండు కూడా ఖరీదైన దానికి తీసిపోదు.