పొగ రూలు, బ్రేకు రూలు: పట్నంలో ఒకలా, కొండ మీద ఒకలా ఎందుకు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకొని చదవండి.

పోయిన నెల సంత రోజు సర్వీసు జీపులో పాడేరు ఘాట్ దిగుతున్నాను. లోపల కూర్చున్నవాళ్లు కాక వెనక నలుగురు వేలాడుతున్నారు. ఒక మలుపు దగ్గర బ్రేకు వాసన వచ్చింది. కాలిన రబ్బరు వాసనలా ఉంటుంది, మనలో చాలామందికి తెలిసే ఉంటుంది. డ్రైవర్ మాకు వరసకి మావ అవుతాడు. "మావా, బండికి ఎఫ్‌సీ ఉందా?" అని అడిగాను. "పొల్యూషన్ కాగితం ఉందిరా, అడ్డుగా అదే చూపిస్తాను, చాల్లే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట నాకు హాస్టల్‌కి వచ్చాక కూడా గుర్తుండిపోయింది. ఈ రెండు కాగితాలు వేరు వేరని మా ఊర్లో చాలామందికి తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ డిగ్రీలో చేరేదాకా తెలీదు.

పొల్యూషన్ కాగితం అంటే పొగ పరీక్ష. బంకు దగ్గర వ్యాన్‌లో సైలెన్సర్‌కి గొట్టం పెట్టి చూస్తారే, అది. బ్రేకు, స్టీరింగు, టైర్లు అందులో చూడరు. పాత బండ్లకి 6 నెలలకోసారి, బీఎస్-4 నుంచి వచ్చిన బండ్లకి ఏడాదికోసారి తీసుకోవాలి. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. బండి మొత్తం చూసి ఇచ్చేది. మన పెద్దవాళ్లు ఆ తనిఖీ చేసే ఆఫీసర్ని ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. అసలు పని ఏంటో ఆ పేరులోనే ఉంది.

ఎఫ్‌సీ కొత్తగా వచ్చింది కాదు. 1939 మోటారు వాహనాల చట్టంలోనే కిరాయికి తిరిగే బండ్లకి ఇది ఉండాలని రాశారు. కానీ బండి ఎలా ఉండాలి, ఏ భాగం ఎలా చూడాలి అనే రూల్స్ చేసుకునే అధికారం అప్పట్లో ఎక్కువగా రాష్ట్రాల చేతిలోనే ఉండేది. కాబట్టి ఒక ప్రాంతంలో ఉన్న రూలు పక్క ప్రాంతంలో ఉండాలని లేదు. మన ఏజెన్సీకి ఇంకో అడ్డం కూడా ఉండేది. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మన విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు'. మైదానంలో అమలయ్యే చట్టం మన దగ్గర దానంతట అది అమలవదు, గవర్నర్ నోటిఫికేషన్ ఇస్తేనే వస్తుంది. ఆదిలాబాద్ గోండు, కొలాం అన్నలది నిజాం రాజ్యం, వాళ్లకి చట్టాలే వేరు. 1950 తర్వాత ఐదో షెడ్యూల్ దీన్ని తిరగేసింది. ఇప్పుడు చట్టం మనకీ వస్తుంది, గవర్నర్ వద్దంటేనే ఆగుతుంది. ఐదో షెడ్యూల్ అనగానే మనం భూమి గురించే మాట్లాడుకుంటాం గానీ, జీపు బ్రేకు దాకా ఆ గీత ఉంది చూడండి.

1988లో కొత్త చట్టం వచ్చింది, 1989 జూలై నుంచి అమలు. దీంతో బండి తయారీ, ఫిట్‌నెస్, పొగ రూల్స్ చాలావరకు కేంద్రం చేతిలోకి పోయాయి. ఇక దేశమంతా ఒకటే రూలు అనుకుంటాం కదా. కాగితం మీద అంతే. పొగ విషయంలో మాత్రం అలా జరగలేదు.

1985లో ఎం.సి. మెహతా అనే లాయర్ ఢిల్లీ గాలి మీద సుప్రీంకోర్టులో కేసు వేశారు. అది ఏళ్ల తరబడి నడిచింది. 1999 ఏప్రిల్‌లో కోర్టు ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లకి 1999 జూన్ నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 ఉండాలంది. అప్పటి నుంచి అదే పద్ధతి. ముందు ఢిల్లీ, తర్వాత పెద్ద నగరాలు, చివర్లో మిగతా దేశం. 2010లో బీఎస్-4 వచ్చినప్పుడు 13 నగరాలకే పెట్టారు. మన తెలుగు నేల మీద ఆ జాబితాలో ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం నడుస్తున్న విశాఖపట్నం లేదు. మిగతా దేశానికి బీఎస్-3 చాలన్నారు. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం దాకా ఉండొచ్చు, బీఎస్-4లో 50 మించకూడదు. అంత శుభ్రమైన డీజిల్ దేశమంతటికీ ఒకేసారి ఇవ్వలేమని చెప్పారు. ఆ కారణం నిజమే, కాదనను. కానీ దాని ఫలితం ఏంటంటే, ఒకే కంపెనీ, ఒకే పేరుతో రెండు రకాల పొగ వదిలే బండ్లు ఏడేళ్లు అమ్మింది. ఏది ఎవరికి అన్నది రిజిస్ట్రేషన్ అడ్రసు మీద ఆధారపడింది.

2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మకూడదంది. మిగిలిపోయిన బండ్లు ఖాళీ చేయడానికి కంపెనీలు రెండు రోజులు భారీ డిస్కౌంట్లు ఇచ్చాయి, షోరూముల ముందు జనం తోసుకున్నారు. మా సీనియర్ అన్న ఒకరు అలాగే బైక్ కొన్నాడు, ఇప్పటికీ మురిసిపోతూ చెప్తాడు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 దేశమంతా ఒకేసారి వచ్చింది. కొత్త బండ్ల వరకు ప్రాంతాల తేడా అక్కడితో పోయింది. పాత బండ్ల సంగతి వేరు.

నాకు బాగా ఆశ్చర్యం కలిగించింది ఇక్కడే. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదంది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే నిలబెట్టింది. (తర్వాత కూడా కోర్టులో ఆ లెక్క మారుతూ వచ్చింది.) మరి ఆ బండ్లు ఎక్కడికి పోవాలి? 2016లో ట్రిబ్యునల్ చెప్పిందేమిటంటే, బండ్ల రద్దీ తక్కువగా ఉండి, గాలి బాగా ఆడే ప్రాంతాలని రాష్ట్రాలు గుర్తించాలి, అలాంటి చోట్లకే ఎన్‌ఓసీ ఇవ్వాలి. రద్దీ తక్కువ, గాలి ఎక్కువ. చదవగానే నాకు మా ఊరి కొండే కళ్ల ముందు మెదిలింది.

కోపం పక్కన పెట్టి ఆలోచిస్తే, పొగ వరకు ఆ లెక్కలో అర్థం ఉంది. లక్షల బండ్లున్న చోట ఒక్కో బండి పొగా ముఖ్యమే. పది జీపులు తిరిగే లోయలో అంత కాదు. అమెరికాలో కాలిఫోర్నియా పొగ రూల్స్‌కి బాగా పేరున్న రాష్ట్రం. అక్కడ కూడా నగరాల్లో రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష చేస్తారు, కొన్ని పల్లె కౌంటీల్లో బండి చేతులు మారినప్పుడు మాత్రమే అడుగుతారు. తప్పు అనలేం.

కానీ బ్రేకుకి ఆ లెక్క పనికిరాదు. గాలి బాగా ఆడితే బ్రేకు బాగా పడదు కదా! బ్రిటన్‌లో 1960 నుంచి ఎంఓటీ అనే తనిఖీ ఉంది, ఇప్పుడు కారుకి మూడేళ్లు నిండాక ఏటా చేయించాలి. వాళ్లు కూడా వంతెన లేని కొన్ని స్కాట్లండ్ దీవుల్లో తిరిగే బండ్లని మినహాయించారు. చిన్న దీవి, తక్కువ బండ్లు, టెస్టుకి పడవలో తేవాలి కాబట్టి. దూరంగా ఉన్నవాళ్లకి వదిలేయడం ప్రపంచమంతా ఉన్నట్టుంది. ఘాట్ రోడ్డుకి మాత్రం ఇది తలకిందులు. మైదానంలో బ్రేకు ఎప్పుడో ఒకసారి గట్టిగా తొక్కుతారు. ఘాట్‌లో కాలు తీయకుండా తొక్కుతారు, డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది, పైగా మోయాల్సినదానికి రెట్టింపు జనం. తనిఖీ అన్నింటికంటే ఎక్కువ అవసరమైన చోటే అన్నింటికంటే తక్కువ జరుగుతోంది.

ఎందుకు తక్కువ? చట్టం మనకి మినహాయింపేమీ ఇవ్వలేదు. కిరాయి బండికి, అంటే పసుపు బోర్డుకి, 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ ఉండాలి. అది లేకపోతే సెక్షన్ 56 ప్రకారం ఆ బండికి సరైన రిజిస్ట్రేషన్ లేనట్టే. తెల్ల బోర్డుకి మాత్రం మొదటి 15 ఏళ్లు ఎఫ్‌సీ అడగరు. సొంత వాడకమే కదా అని. మన దగ్గర సర్వీసు తిరిగే జీపుల్లో తెల్ల బోర్డువి ఎన్నో మీకే తెలుసు. వాటి బ్రేకులు 15 ఏళ్లు ఏ ఆఫీసరూ చూడడు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది కూడా ఇదే: సొంత బండి, కిరాయికి తిప్పారు. ఆ తర్వాత పరిహారం కోసం కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాల్సింది చనిపోయినవాళ్ల ఇంటివాళ్లే.

మరి గట్టిగా పట్టుకోమందామా? అది కూడా నేను తేలిగ్గా అనలేను. మా ఊరికి బస్సు రాదు. మా పెద్దమ్మకి నొప్పులొచ్చిన రాత్రి డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చాక ఎక్కించుకున్నది ఆ తెల్ల బోర్డు జీపే. రేపు పది జీపులు సీజ్ చేస్తే బ్రేకులు బాగుపడవు, జనం నడుస్తారు. ఇప్పుడు ఎఫ్‌సీకి మెషీన్లతో నడిచే టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. చక్రాలు రోలర్ మీద తిప్పి బ్రేకు ఎంత పడుతుందో కొలుస్తారు. మంచిదే. కానీ పెట్టుబడి పెట్టేవాడు బండ్లు ఎక్కువున్న చోటే పెడతాడు, కొండ మీద పెట్టడు. పొల్యూషన్ పరీక్ష వ్యాన్‌లో ఊరూరా తిరుగుతుంటే, సంత రోజు బ్రేకు చూసే మనిషి ఒకడు ఎందుకు రాలేడు అన్నదే నా ప్రశ్న. సీజ్ చేయడానికి కాదు, ముందు చూసి చెప్పడానికి. పసుపు బోర్డుకి మారేవాళ్లకి మన ప్రాంతంలో ఖర్చు తగ్గించమని కూడా అడగొచ్చు.

ఒక పని మాత్రం ఈ రోజే చేయొచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇన్సూరెన్స్ తేదీలు కనిపిస్తాయి. నేను మావ జీపు నంబరు కొట్టి చూశాను. పొల్యూషన్ తేదీ ఉంది. ఇన్సూరెన్స్ దాటిపోయింది. ఫోన్ చేసి చెప్తే ముందు కోప్పడ్డాడు, తర్వాత "ఎంతవుద్దో కనుక్కోరా" అన్నాడు. మీ దారిలో తిరిగే బండ్లవి కూడా చూసి కామెంట్‌లో పెట్టండి. బండి నంబర్లు, డ్రైవర్ల పేర్లు వద్దు. ఏ మండలం, తెల్ల బోర్డా పసుపు బోర్డా, ఏ తేదీ దాటింది, అంతే.