కళ్ళజోడు తీసేసి కూర్చో

మా అక్క కూతురికి పదహారేళ్ళు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆరో తరగతిలో మైనస్ ఒకటిన్నరతో మొదలైన సైటు ఏటేటా పెరుగుతూ ఈసారి మైనస్ ఏడున్నరకి చేరింది. ఇన్నేళ్ళూ చేసిందల్లా అద్దాలు మార్చడమే. ఈసారి డాక్టరమ్మ చుక్కలు వేసి, కంటిపాపలు బాగా విచ్చుకున్నాక, తలకి దీపం కట్టుకుని "పైకి చూడు, కిందికి చూడు, చెవి వైపు చూడు" అంటూ చాలాసేపు పరీక్షించింది. కుడికంట్లో రెటీనా అంచు పలచబడిందనీ, అక్కడ ఒక చిన్న రంధ్రం కూడా ఉందనీ చెప్పింది. ఇప్పుడే లేజరు అక్కర్లేదు, మూడు నెలలకి మళ్ళీ చూద్దాం అంది. కంట్లో మెరుపులు మెరిసినట్టున్నా, ఉన్నట్టుండి నల్లటి నలుసులు తేలినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా ఆ రోజే రావాలని పిల్ల చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది.

ఇంటికి రాగానే మొదటి మాట అక్క అత్తగారిది. "ఈ సంగతి బయట పెట్టకండి. రేపు పిల్లకి పెళ్ళి కావాలి." తర్వాత బావగారు "ఆ పుస్తకాలూ ఫోనూ కాస్త తగ్గించమను" అన్నారు. పద్దెనిమిది నిండగానే లేజరు చేయించేస్తే అసలు కళ్ళజోడే ఉండదుగా అని అక్క. పిల్ల రాత్రి నా పక్కన చేరి, "పిన్నీ, చదవడం వల్లే నా కంట్లో చిల్లు పడిందా?" అని అడిగింది.

సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న పిన్నికి కంటి వైద్యం ఏం తెలుస్తుంది? కానీ చదివితే ఆడపిల్ల ఒళ్ళు పాడవుతుందన్న మాట నాకు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దపు స్త్రీవిద్య వాదోపవాదాల్లో ఎన్నేళ్ళో గడిపినదాన్ని. అందుకే ఆ రాత్రి దానికి జవాబు చెప్పలేదు, సైటు చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

ఈ చరిత్రకి ఒక ఆరంభం ఉంది. 1851లో హెల్మ్‌హోల్ట్స్ తన ఆఫ్తాల్మోస్కోపు గురించి ప్రకటించేదాకా బతికున్న మనిషి కంటి లోపలి భాగాన్ని సరిగా చూసే సాధనం వైద్యుల చేతిలో లేదు. ఆ తర్వాతే కళ్ళు పరీక్షించడం, లెక్కలు కట్టడం ఊపందుకున్నాయి. ఆ లెక్కల్లో పేరుపొందినది హెర్మన్ కోన్ అనే కంటి వైద్యుడిది. ఆయనది ప్రష్యాలోని బ్రెస్లావ్ నగరం. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, పేరు వ్రొత్స్వాఫ్. అక్కడ ఆయన 10,060 మంది బడిపిల్లల కళ్ళు పరీక్షించి 1867లో ఫలితాలు ప్రకటించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళు నూటికి 1.4. పట్నం ప్రాథమిక పాఠశాలల్లో 6.7. విశ్వవిద్యాలయానికి మగపిల్లల్ని తయారుచేసే జిమ్నాజియముల్లో 26.2. చదువు మెట్లు ఎక్కేకొద్దీ సైటు కూడా ఎక్కింది.

ఆ పట్టికలో నా కన్ను ఆగింది మరో అంకె దగ్గర. బాలికల ఉన్నత పాఠశాలల్లో నూటికి 7.7. పేరుకి ఉన్నత పాఠశాలలే. ఆ అంకెని చూసి ఆడపిల్లల కళ్ళు గట్టివి అనుకోవచ్చు. నాకలా కనిపించలేదు. వాళ్ళని ఎక్కడ ఆపేశారో ఆ 7.7 చెబుతోంది. జిమ్నాజియం గుమ్మం దాటనివ్వని పిల్లలకి జిమ్నాజియం జబ్బు రాదు కదా.

వచ్చిన జబ్బుకి కోన్ అడిగిన మందు చూడండి. తరగతి గదులకి పెద్ద కిటికీలు కావాలి, పిల్లల ఎత్తుకి తగ్గ బల్లలు కావాలి, పాఠ్యపుస్తకాల అచ్చు పెద్దది కావాలి, బడికి వైద్యుడు కావాలి. అంటే మగపిల్లల కళ్ళు చెడితే బడిని బాగుచెయ్యమన్నారు. అదే కాలంలో, 1873లో, బోస్టన్‌లో హార్వర్డ్‌కి చెందిన డాక్టర్ ఎడ్వర్డ్ క్లార్క్ అమ్మాయిల చదువు మీద పుస్తకమే రాశాడు. అబ్బాయిలతో సమానంగా చదివితే వాళ్ళ రక్తమంతా మెదడుకి పోయి గర్భాశయం ఎండిపోతుందన్నట్టు వాదించాడు. ఇక్కడ బాగుచెయ్యాల్సింది బడి కాదు, తగ్గించాల్సింది అమ్మాయి చదువు!

మనకి గర్భాశయం దాకా పోనక్కర్లేకపోయింది. చదివితే మొగుడు చస్తాడన్న నమ్మకమే సరిపోయింది. బెంగాల్‌లో రాససుందరీ దేవి చైతన్య భాగవతంలోంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుని, ఎవరూ చూడకుండా అక్షరాలు కూడబలుక్కుంది. 1876లో వచ్చిన ఆమె ఆత్మకథలో ఆ భయమంతా ఉంది. మన దగ్గర వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అదే ఏడు పుట్టిన భండారు అచ్చమాంబ బడికి పోకుండా తమ్ముడి దగ్గర చదువుకుని స్త్రీల చరిత్రలు రాసింది. పొయ్యి వెలుగులోనో దీపం కిందో చదివిన అలాంటి స్త్రీల కళ్ళు ఎవరూ పరీక్షించలేదు. కోన్ పట్టికలాంటిదేదీ వాళ్ళకి లేదు.

సరే, చదువుకీ సైటుకీ సంబంధం ఉందా? ఉంది. రక్తంలోనే వస్తుందని చాలాకాలం నమ్మారు. తల్లిదండ్రులకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువే. అయితే అలాస్కా ఉత్తరాన బారో ఊళ్ళో ఇన్యూట్ కుటుంబాల మీద 1969లో వచ్చిన పరిశీలనలో 131 మంది పెద్దల్లో సైటున్నవాళ్ళు ఇద్దరే. బడికి పోయిన వాళ్ళ పిల్లల్లో, మనవళ్ళలో సగం మందికి పైగా ఉంది. ఒక తరంలో రక్తం మారదు. ఇజ్రాయిల్‌లో 870 మంది టీనేజి పిల్లలపై 1993లో వచ్చిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. సంప్రదాయ యూదు మతపాఠశాలల అబ్బాయిల్లో నూటికి 81.3 మందికి సైటు. అదే సంప్రదాయపు అమ్మాయిల్లో 36.2. మామూలు బళ్ళలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ అంత తేడానే లేదు. ఆ ఇళ్ళలో పొద్దున్నుంచి రాత్రి దాకా ధర్మగ్రంథం మీద వంగి ఉండే హక్కు కొడుకులది. కూతుళ్ళకి ఆ హక్కూ లేదు, ఆ కళ్ళజోడూ లేదు.

ఇంతవరకు చదివి నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. మా పిల్ల మైనస్ ఏడున్నర అంటే గెలుచుకున్న చదువుకి గుర్తన్నమాట! ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. దాని కంట్లో ఉన్నది గుర్తు కాదు, రంధ్రం. సైటంటే అద్దాల్లో ఉండేది కాదు. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సాగడం. పెద్దవాళ్ళలో అది మామూలుగా 24 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగినా రెండున్నర, మూడు పాయింట్ల సైటు. గోడ సాగితే లోపలి పొర పలచబడుతుంది.

పైగా గత ఇరవై ఏళ్ళ పరిశోధన పుస్తకం కన్నా ఎక్కువగా ఇంకోదాన్ని వేలెత్తి చూపుతోంది. ఆరుబయట గడపకపోవడం. సిడ్నీ బడిపిల్లల మీద 2008లో వచ్చిన పరిశీలనలో ఎక్కువసేపు బయట గడిపేవాళ్ళకి సైటు తక్కువ. చైనాలో గ్వాంగ్‌జౌ బళ్ళలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచారు. మూడేళ్ళకి వాళ్ళలో కొత్తగా సైటు వచ్చినవాళ్ళు 30.4 శాతం, ఉంచని బళ్ళలో 39.5. ఈ ఫలితం 2015లో వచ్చింది. పట్టపగటి వెలుగు రెటీనాలో డోపమిన్‌ని పెంచి కన్ను సాగకుండా ఆపుతుందని శాస్త్రవేత్తల ఊహ.

ఈ బయలు ఎవరిది? నాకు పన్నెండో ఏట వీధిలో ఆట బంద్ అయింది. "ఎండలో తిరిగితే నల్లబడతావే" అనేది అమ్మ. నలుపు భయమూ, మగపిల్లల భయమూ కలిసి నన్ను కిటికీ దగ్గర పుస్తకంతో కూర్చోబెట్టాయి. నా సైటూ అప్పటిదే. మా అక్క కూతురి కాలేజీ ఐదంతస్తుల మేడ. మైదానం లేదు. అబ్బాయిల క్యాంపస్‌లోనూ లేదు గానీ, వాళ్ళు సాయంత్రం రోడ్డు మీదే బ్యాటు పట్టుకుంటారు. అమ్మాయిల గేటుకి తాళం. పుస్తకం కోసం మన ముందు తరాలవాళ్ళు కొట్లాడారు, వచ్చింది. ఎండ కోసం ఎవరం కొట్లాడలేదు. అది అడగాల్సిన వస్తువని కూడా మనకి తోచలేదు.

ఇక అక్క చెప్పే లేజరు. అది కంటి ముందున్న నల్లగుడ్డు పొరని చెక్కుతుంది. అద్దాలు పోతాయి. సాగిన కన్ను సాగినట్టే ఉంటుంది, రెటీనా పలచగానే ఉంటుంది, ఏటా పరీక్ష తప్పదు. పెళ్ళివారికి కనిపించేది పోయి, పిల్లకి కావలసిన జాగ్రత్త మరుగున పడుతుందేమోనని నా భయం. నా పెళ్ళిచూపులకి మా అమ్మ "కళ్ళజోడు తీసేసి కూర్చో" అంది. మైనస్ నాలుగు. ఎదురుగా లేత నీలం చొక్కా ఒకటి కదులుతూ కనిపించింది. తర్వాత "నచ్చాడా?" అని అడిగారు!

మూడో రోజు ఫోన్లో మా పెద్దమ్మ "రేపు కాన్పుకి కోత తప్పదుట కదా" అంది. సైటు ఎక్కువుంటే నొప్పులకి రెటీనా ఊడుతుందన్న భయం ఎప్పటినుంచో ఉంది. 1980ల నుంచి అలాంటి తల్లుల కళ్ళు కాన్పుకి ముందూ తర్వాతా పరీక్షించి చూశారు. మామూలు కాన్పు వల్ల రెటీనాకి కొత్తగా చెడు జరిగినట్టు కనిపించలేదు. అయినా ఆ కారణం చెప్పి ఎందరి పొట్టలు కోశారో!

పిల్లకి చివరికి నేను చెప్పింది ఇది. రెటీనా ఇలా అంచుల్లో పలచబడడం నూటికి ఆరు నుంచి పదిమందిలో ఉంటుంది. వాళ్ళలో చాలామందికి ఎప్పటికీ ఊడదు. ఒకప్పుడు ఊడితే చూపు పోయినట్టే. 1920లలో లొజాన్‌లో జూల్ గొనాన్ అనే వైద్యుడు రెటీనా చిరిగినచోటు వెతికి వేడితో అతికించవచ్చని చూపించాడు. ఇప్పుడు త్వరగా వెళితే ఎక్కువ కేసుల్లో అతుకుతుంది. త్వరగా వెళ్ళాలంటే నువ్వు చెప్పాలి, నువ్వు చెప్పాలంటే ఇది దాచుకోవాల్సిన సంగతి కాకూడదు. చదువు మానక్కర్లేదు. అది విని, "నాన్నమ్మతో నువ్వే చెప్పు పిన్నీ" అంది.

చెప్పాను. ఆవిడ వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. మూడు నెలల పరీక్షలో రంధ్రం అలాగే ఉంది, పెరగలేదు. ఎండ సైటు రాకుండా ఆపుతుంది గానీ, వచ్చినదాన్ని ఆపడంలో దానికి అంత బలం లేదు. అందుకని అక్క ఇప్పుడు నాలుగో తరగతి చదివే చిన్నదాన్ని రోజూ నాలుగున్నరకి బయటికి తోలుతోంది. దానికింకా సైటు రాలేదు. పెద్దదీ వెనకాలే పోతోంది, అపార్ట్‌మెంటు మేడ మీదికి. మేడ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర నుంచి అడిగి తెచ్చే పని వాళ్ళ నాన్నమ్మదే. నల్లబడతారని ఇద్దరికీ చెరొక గొడుగు కూడా ఇచ్చి పంపుతోందిట. గొడుగులు మేడ మెట్ల మీదే ఉంటున్నాయని చిన్నది నాతో చెప్పింది.