బంగారు పురుగు, పెండ పురుగు

ఈ ఎపిసోడ్‌ల రాజులు లేరు, కోటలు లేవు. రెండు పురుగుల చరిత్ర చెప్త. రెండూ మా ఇచ్చోడ దిక్కు వానకాలంల కనిపించేవే.

మొదటిది బంగారు పురుగు. తుమ్మచెట్టు మీద పచ్చగ మెరుస్తది. పిల్లలు పట్టుకొచ్చి, ఆకులేసి అగ్గిపెట్టెల దాచుకుంటరు. దీని రెక్కల మీది గట్టి డిప్పల రంగు వెలిసిపోదు. ఎందుకంటే అది పూసిన రంగు లాంటిది కాదు, డిప్పలోని సన్నని పొరల మీద వెలుతురు పడి తిరిగొచ్చేటప్పుడు పుట్టే మెరుపు. పురుగు చచ్చి నూరేండ్లైనా అట్లనే ఉంటది. అందుకే మొగలుల కాలంల ఈ డిప్పలను బట్టల మీద కుట్టిండ్రు. తర్వాత ఇవి ఇంగ్లండు దాకా పోయినయ్. 1888లో లండన్‌ల ఎల్లెన్ టెర్రీ అనే నటి లేడీ మక్‌బెత్ వేషం కట్టినప్పుడు, ఆమె గౌను మీద ఇసొంటి డిప్పలు దగ్గర దగ్గర వెయ్యి ఉండె. ఆ గౌను ఇప్పటికీ ఉంది.

ఇది చచ్చినంక కూడ పనికొచ్చింది. రెండోది బతికుంటేనే పనికొస్తది. అదే పెండ పురుగు. దీన్ని ఎవ్వరూ అగ్గిపెట్టెల పెట్టరు. నల్లగుంటది, పెండను ఉండ చేసి వెనుక కాళ్లతోని నూకుకుంట పోతది. పాత ఈజిప్టు వాళ్లు దీంట్ల సూర్యుణ్ణి దొర్లించే దేవుణ్ణి చూసిండ్రు. నాకైతే అంతకంటె ఆస్ట్రేలియా కథే గమ్మతిగ అనిపిస్తది. 1788లో ఇంగ్లీషోళ్లు అక్కడికి ఆవులను తీసుకపోయిండ్రు. అక్కడి పెండ పురుగులకు కంగారూల ఎండు పెంటికలే అలవాటు, ఆవు పెండ జోలికి పెద్దగ పోలేదు. పెండ ఎక్కడిదక్కడ ఎండి గడ్డిని కప్పేసింది, ఈగలు ముసిరినయ్. హంగేరీల పుట్టిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త, బయటి దేశాల పెండ పురుగులను తెప్పించాలన్నడు. 1968 నుంచి వాటిని వదులుడు షురూ చేసిండ్రు. సర్కారు పైసలు పెట్టి పెండ పురుగులను తెప్పించుకుందంటే చూడండి!

మనకు ఆ పని ఫుకట్ల అయితుంది. పెండను భూమిలకు దించుతది, మట్టిని గుల్ల చేస్తది. కని ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గినంక దానికి తిండే తగ్గింది. ఇంకోటి, పశువుల కడుపుల పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ మందు. దాంట్ల కొంత పెండతోనే బయటికొస్తది. ఆ పెండల పెరిగే పిల్ల పురుగులకు అది విషమని 1987లోనే బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించిండ్రు. మందు మానేయమంటలేను, జబ్బు పశువుకు అది కావాల్సిందే. మందకు మంద ఒక్కపారే వేయించే బదులు ఏ పశువుకు అవసరమో పశువుల డాక్టర్‌ను అడిగి వేయించండి.