బాలింత మనస్సు

కోనసీమలో తొలికానుపు పుట్టినింట జరుగుట తరతరములుగా వచ్చుచున్న యాచారము. వంతెనలు లేని కాలమున సైతము, గోదావరిపాయను పడవమీద దాటవలసి వచ్చినను, చూలాలు తల్లియొద్దకు చేరుటయే మర్యాద. అచ్చట పథ్యము, కాయము, వేడినీళ్ల స్నానము, చెవులలో దూది మున్నగు దేహరక్షణకు వలసినవన్నియు నమరియుండెడివి. ఇంటిపనినుండి విశ్రాంతి, కన్నతల్లి చేరువ, బిడ్డ నెత్తుకొనుటకు పదిమంది చేతులు, ఇవి మనస్సునకును మేలు చేసెడివే. అయినను బాలింత యూరక యేడ్చినను, అన్నము ముట్టకున్నను, బిడ్డవంక చూడకున్నను గాలి సోకినదని తాయెత్తు కట్టిన వారే గాని, "అమ్మా, నీ మనసెట్లున్నది?" అని యడిగినవా రరుదు.

మన ప్రాచీనవైద్యు లీ విషయము నెఱుగకపోలేదు. గర్భమును నిలుపువానిలో మనఃప్రసన్నత శ్రేష్ఠమని చరకసంహిత చెప్పుచున్నది. క్రోధశోకములవలనను, వాత్సల్యము లేమివలనను చనుబాలు నశించునని సుశ్రుతసంహిత తెలుపుచున్నది. ఫ్రాన్సులో లూయీ విక్టర్ మార్సే యను వైద్యుడు 1858లో గర్భిణులయు బాలింతలయు మానసికరోగములను గూర్చి ప్రత్యేకగ్రంథమునే వెలువరించెను.

కాని శాస్త్రము గ్రంథములలో నుండగా, ఇండ్లలో బాలికలే తల్లులగుచుండిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి గోదావరీమండలమున సంఘసంస్కారమునకు పూనుకొన్న దినములలో పండ్రెండు పదమూడేండ్ల పిల్ల బాలింత యగుట వింత గాదు. బొమ్మలాట మఱువని మనస్సు బిడ్డను లాలించుట యెట్లు? 1929 నాటి శారదాచట్టము బాలికల వివాహవయస్సును 14 ఏండ్లకును, 1978 నాటి సవరణ 18 ఏండ్లకును పెంచెను. వయస్సు పెరిగెను గాని, బాలింత మనస్సును విచారించు అలవాటు మాత్రము మన యిండ్లలో నెలకొనలేదు.

ఆ విచారణ బిడ్డకొఱకును అవసరమే. శిశువు మాట నేర్వకమునుపే తల్లిమొగమును చదువును. అది 'ఉంగా' యనగా తల్లి నవ్వి బదులు పలుకుటయే దాని మొదటి పాఠము. అమెరికాలో ఎడ్వర్డు ట్రానిక్ ప్రభృతులు 1978లో ప్రకటించిన పరీక్షలో, తల్లి కొలదినిమిషములు మొగము చలింపనీయక యుండగా, శిశువు తల్లిని పలుకరింపజూచి, ఫలింపకపోగా మొగము త్రిప్పుకొనెను. నిమిషముల మౌనమే యిట్లు చేయగా నెలల మౌన మేమి చేయును? గోవాలో విక్రమ్ పటేల్ మొదలగువారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, కాన్పైన ఆఱు మొదలు ఎనిమిది వారములకు తల్లులలో నూటికి 23 మంది విషాదరోగమునకు లోనైయుండిరి. పేదఱికము, దాంపత్యకలహము ముఖ్యహేతువులు. అట్టి తల్లుల బిడ్డలు ఆఱవనెలలో తూకమునను, పొడవునను, బుద్ధివికాసమునను వెనుకబడిరని వారే 2003లో తెలిపిరి. ఇది తల్లి దోషము గాదు, రోగము.

నేడు కోనసీమకు వంతెనలు వచ్చినవి, ఆసుపత్రులు వచ్చినవి. కాని భర్త గల్ఫుదేశమున నుండగా ఒంటరిగా బిడ్డను పెంచు పడుచులు గలరు. తామే కువైటుకు పోయి పసివాండ్రను అమ్మమ్మల కప్పగించిన తల్లులును గలరు. డబ్బు చేరును, తోడు చేరదు.

చికిత్స దుర్లభము గాదు. పాకిస్తానమున రావల్పిండి పల్లెలలో గ్రామ ఆరోగ్యకార్యకర్తలకు శిక్షణ నిచ్చి, విషాదమున నున్న నిండుచూలాండ్ర యిండ్లకు బంపి, కాన్పు తరువాతను మాటాడించిరి. 2008లో ప్రకటించిన ఫలితము ననుసరించి, బిడ్డకు ఆఱునెలలు నిండునప్పటికి ఆ తోడ్పాటు పొందినవారిలో నూటికి 23 మందికే విషాదము మిగిలెను. పొందనివారిలో 53 మందికి. మన ఆశాకార్యకర్తలును, అంగన్‌వాడీవారును బిడ్డను తూచుచునే యున్నారు. ఆ త్రాసుచెంతనే తల్లినిగూడ పలుకరింపవచ్చును. నిద్ర బొత్తిగా లేకున్నను, తనకు గాని బిడ్డకు గాని హాని చేయు తలంపు కలిగినను, తాయెత్తులకై జాగు సేయక నాడే వైద్యునిచెంతకు గొనిపోవలెను. చికిత్సకై చేరిన తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేఱు చేయరాదని 2017 నాటి మానసికారోగ్యచట్టము చెప్పుచున్నది. కావున వెఱవ బనిలేదు.

పురిటింట నడుగిడిన వెంటనే బిడ్డను ముద్దాడుట మన యాచారము. ఇకమీద ముందు తల్లి చేయి పట్టుకొని, ఆమె కుశల మడుగుదముగాక.