వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ప్రింట్‌లో ఎందుకు మసకబారుతుంది?

అనంతపురం జిల్లాలో వాన మొహం చాటేస్తే వేరుశనగ చేను ఎండిపోతుంది. ఊళ్లో ఉన్న నాన్న ఆ చేనును, పాత పట్టాదారు పాసుపుస్తకాన్ని ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పంపారనుకుందాం. వాటిని ప్రింట్ తీయించి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీకి జతచేయాలి. తీరా కాగితం మీద సర్వే నంబరులో ఉన్నది 3 అంకో, 8 అంకో తెలియకపోతే ఆ ప్రింట్ ఉండీ లాభం లేదు. చాలాసార్లు లోపం ప్రింటర్‌లో ఉండదు, ఫొటో మీ దాకా వచ్చిన దారిలో ఉంటుంది.

దారిలో ఏం పోతుంది?

12 మెగాపిక్సెల్ ఫొటోలో సుమారు 4000×3000 పిక్సెళ్లు ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600కు తగ్గిపోతుంది. మంచి ప్రింట్‌కు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. ఆ లెక్కన అసలు ఫొటోను 13×10 అంగుళాల వరకు ప్రింట్ తీయొచ్చు. వాట్సాప్ ఫొటో 5 అంగుళాలు దాటితే మసకబారడం మొదలవుతుంది. ఏ4 కాగితం నిండా రావాలంటే 3508×2480 పిక్సెళ్లు ఉండాలి.

ఎప్పుడు, ఎక్కడ తీశారనే సమాచారం ఫైల్‌లోనే ఉంటుంది. మామూలు ఫొటోగా పంపితే అదీ పోతుంది.

ఏ ఫార్మాట్ ఏం చేస్తుంది?

జేపెగ్: 1992 నుంచి ఉన్న ప్రమాణం. బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా తెలియని వివరాలను వదిలేస్తుంది. తెరిచి చూస్తే నష్టం లేదు. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. ముందుగా దెబ్బతినేది అక్షరాల అంచులే.

పీఎన్‌జీ: ఏదీ వదలదు, ఫైల్ పెద్దది. అయితే పాడైన జేపెగ్‌ను పీఎన్‌జీగా మార్చినా పోయింది తిరిగి రాదు.

హీక్: 2017 నుంచి ఐఫోన్లలో వస్తోంది. నాణ్యత బాగుంటుంది, సైజు తక్కువ. షాపులోని పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు. ఒక్కసారి మాత్రం జేపెగ్‌గా మార్చుకోండి.

'ఎన్‌హాన్స్' యాప్‌లు వాడొచ్చా?

ఆధారంగా ఇచ్చే ఫొటోలకు వద్దు. లేని వివరాలను అవి ఊహించి గీస్తాయి. కొన్ని జిరాక్స్ కంపెనీ యంత్రాలు ఫైల్‌ను కుదించే క్రమంలో 6 అంకెను 8గా మార్చేస్తున్నాయని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ బయటపెట్టారు. మసకగా ఉన్న అంకె కంటే స్పష్టంగా కనిపించే తప్పుడు అంకె ప్రమాదకరం.

మీరు ఏం చేయాలి?

• ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపమనండి. అది కుదరకపోతే 2023లో వచ్చిన 'హెచ్‌డీ' ఆప్షన్ కొంత మేలు.
• ప్రింటింగ్ షాపు నంబరుకు పంపేటప్పుడూ డాక్యుమెంట్‌గానే పంపండి. పెన్‌డ్రైవ్ అయినా సరే.
• స్క్రీన్‌షాట్ తీసి పంపొద్దు. అందులో ఉండేది స్క్రీన్ పిక్సెళ్లే.
• ఆన్‌లైన్ దరఖాస్తుకు 50 కేబీలోపు ఫైల్ అడిగితే అసలు ఫొటోకు కాపీ తీసి, ఆ కాపీనే కుదించండి.
• ప్రింట్‌కు ముందు ఫైల్ వివరాల్లో పిక్సెళ్లు చూడండి. తక్కువగా ఉంటే చిన్న సైజులో తీయించండి, లేదా మళ్లీ ఫొటో తీయమనండి.

పాసుపుస్తకాన్ని మళ్లీ ఫొటో తీయొచ్చు. ఎండిన చేనును దున్నేశాక తీయలేం. అందుకే పని పూర్తయ్యేదాకా నాన్న ఫోన్‌లోని అసలు ఫొటోను డిలీట్ చేయొద్దని ఇవాళే చెప్పండి.