నొప్పుల సీసా

పొగ అటు తిరిగింది, నువ్విటు వచ్చి కూర్చో అమ్మాయ్. పీట మీద కాదు, కుర్చీ తెచ్చుకో. నిండు చూలాలివి, కింద కూర్చున్నావంటే నిన్ను లేపడానికి ఇద్దరు కావాలి. ఒరే, ఆ పత్తికట్టె కాస్త లోపలికి తొయ్యి, మండట్లేదు.

సోమవారం చేరమందా డాక్టరమ్మ? నొప్పులు తెప్పిస్తానందా? అందుకా మధ్యాహ్నం నుంచీ మొహం అట్లా పెట్టుకున్నావు! ఎదురింటావిడ అన్నది నేనూ విన్నాలే. “పచ్చికాయ కోసినట్టే” అంది. నా రోజుల్లోనూ అదే మాట. పోనీ ఆవిడకేమన్నా తెప్పించారా అంటే అదీ లేదు. ఎవరికో తెప్పిస్తే ఇంకెవరో చెప్పగా ఈవిడ విన్నది. నాకు తెప్పించారు. మీ అమ్మ అట్లా పుట్టిందే. నిన్ను భయపెట్టను గానీ, హాయిగా ఉంటుందని అబద్ధమూ చెప్పను.

అది 1973 జనవరి. తెలంగాణలో ఉద్యోగాలు అక్కడివాళ్ళకేననే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అంతకుముందు అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, వేరే రాష్ట్రం కావాలంటూ కోస్తా అంతా జై ఆంధ్ర అని లేచింది. రైళ్ళు లేవు, బస్సులు లేవు, కాలేజీలు మూత. డిసెంబరులో ఎన్జీవోలు సమ్మెకు దిగారు. మీ తాతయ్య తాలూకా ఆఫీసులో గుమాస్తా, నేను బళ్ళో పంతులమ్మను. ఇద్దరం సమ్మెలోనే, ఇద్దరికీ జీతాల్లేవు. కొట్టువాడు ఉప్పూ పప్పూ అరువిచ్చాడు కాబట్టి గడిచింది.

తొలిచూలు పుట్టింట్లో పోసుకోవాలి కదా. మా అమ్మావాళ్ళది చీరాల. సీమంతం చేసి తీసుకుపోవడానికి రావాలనుకున్న రోజుల్లోనే రైళ్ళు ఆగిపోయినై. ఇవాళ కాకపోతే రేపు నడవకపోతాయా అని చూస్తూనే నెలలు నిండినై. నేను అత్తారింట్లోనే ఉండిపోయా, పెదకాకాని అవతల ఆ పాత ఇంట్లో. మా అమ్మ పక్కన లేకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద బెంగ. ఎందుకంటే మా అమ్మకు ఆస్పత్రి అంటే భయం లేదు. ఆవిడ పుట్టిందే గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో, ఆ దొరసాని బతికున్న రోజుల్లో. అన్నా కుగ్లర్ అని, అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టరమ్మ. మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్ళు పోని కాలంలో ఆడవాళ్ళకు వైద్యం చేసి, 1930లో ఇక్కడే కన్నుమూసింది. మా అమ్మమ్మ ఆవిడ కథలు చెబుతుంటే వింటూ పెరిగింది మా అమ్మ. మా అత్తగారింట అట్లా కాదు. వాళ్ళ లెక్కలో ఆస్పత్రికి పోయిన మనిషి తిరిగొస్తే గొప్ప.

మార్గశిరం సగంలో కావాల్సిన కాన్పు. నెలాఖరు వచ్చినా నొప్పుల జాడ లేదు. కాళ్ళు మాత్రం వాచిపోయినై. మట్టెలు దిగవు, ఉంగరం రాదు, పొద్దున్నే లేస్తే కనురెప్పలు ఉబ్బి ఉండేవి. మా అత్తగారు వేడివేడి కాఫీలో ఆముదం పోసి తాగించింది. నొప్పులు రాలేదు గానీ ఆ రాత్రంతా దొడ్లోకి తిరగడమే సరిపోయింది. ఇప్పుడు ఎవరైనా నీకు ఆ సలహా ఇస్తే వినబాకు.

మంత్రసానిని పిలిచారు. మీ తాతయ్యనూ ఆయన తమ్ముళ్ళనూ తీసిన చెయ్యి ఆవిడది. వచ్చి పొట్ట చూడలేదు, ముందు నా పిక్కమీద వేలు పెట్టి నొక్కింది. వేలు తీశాక ఆ గుంట అట్లాగే ఉండిపోయింది. “తలనొప్పి ఉందా? కళ్ళ ముందు మెరుపులేమన్నా ఆడుతున్నాయా?” అనడిగింది. తలనొప్పి ఉందన్నా. “ఇది నా చేతి పని కాదు, బండి కట్టించండి” అనేసింది. మంత్రసానులకేం తెలుసని తేలిగ్గా మాట్లాడతారు గానీ, తనకు ఏది రాదో ఆవిడకు బాగా తెలుసు. మా అత్తగారి తోడికోడలు గుర్రపువాతంతో పోయింది. నిండు నెలల్లో ఫిట్లొచ్చి, నాలుక కరుచుకుని, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఆ మాట గుర్తొచ్చాక మా అత్తగారు ఇంక అడ్డు చెప్పలేదు.

రెండెడ్ల బండిలో వరిగడ్డి పరిచి, పైన గొంగళి వేసి, తెల్లారుజామున బయల్దేరాం. మంచు. గుంటూరు పొలిమేరలో రోడ్డుకడ్డంగా చెట్టు కొట్టి పడేశారు. కర్రలు పట్టుకుని కుర్రాళ్ళు, అందరూ కాలేజీ వయసువాళ్ళే. మీ తాతయ్య దిగి చేతులు జోడించాడు. ఒకడు బండిలోకి తొంగిచూసి, “ఒరేయ్, చూలాలు రా” అని కేకేశాడు. అంతే, పది మంది పట్టి ఆ మానును పక్కకు లాగారు. బండి కదులుతుంటే “జై ఆంధ్ర అనక్కా!” అన్నారు. పొట్ట పట్టుకుని అన్నా. వాళ్ళల్లో ఎంతమందికి మనవలున్నారో ఇప్పుడు!

మేము పోయింది ఒక డాక్టరమ్మ సొంత ఆస్పత్రి. ఆమె నా మూత్రం గాజుగొట్టంలో పట్టి స్పిరిట్ దీపం మీద వేడిచేసింది. పైనంతా తెల్లగా గడ్డకట్టింది. మళ్ళీ రెండు చుక్కలేవో వేసినా ఆ తెలుపు పోలేదు. బీపీ చూసి మంచి మాట చెప్పింది: “ఈ జబ్బుకు మందు ఒకటే, బిడ్డ బయటికి రావడం. అది రానంటోంది కాబట్టి మనమే పిలుద్దాం.” ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. ఎందుకు చేస్తున్నారో తెలిస్తే ఆడది ఎంతైనా ఓర్చుకుంటుంది.

ఇక్కడ మా అత్తగారు పంచాంగం తీసింది. ఆ రోజు జ్యేష్ఠ. తెల్లారితే మూల. అది దాటితే అమావాస్య. మూలలో ఆడపిల్ల పుడితే దాని మామగారికి గండమంటారు కదా. రెండు రోజులు ఆపకూడదా అని డాక్టరమ్మనే అడిగింది. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. “బీపీకి నక్షత్రాలు తెలియవండీ” అంది. మీ అమ్మ మూలలోనే పుట్టింది. మీ నాన్నవాళ్ళ నాన్న తొంభై ఏళ్ళు బతికి, చివరిదాకా మీ అమ్మ చేతి పులుసే కావాలన్నాడు.

ఎనీమా ఇచ్చారు. తర్వాత చెయ్యి పెట్టి చూసి ఒక వేలు పడుతోందన్నారు. అప్పుడు సెంటీమీటర్లు చెప్పేవాళ్ళు కాదు, అన్నీ వేళ్ళ లెక్కే. కొక్కెంలాంటిదొకటి పెట్టి ఉమ్మనీటి సంచి చీల్చారు. నొప్పి లేదు, వెచ్చగా నీళ్ళు దిగినై. నీళ్ళు తేటగా ఉన్నాయని డాక్టరమ్మ తలాడించింది. పచ్చగా ఉంటే లోపల బిడ్డ ఇబ్బంది పడుతోందని అనుమానించాలట. ఆ తర్వాత సీసా. ఇప్పట్లా ప్లాస్టిక్ సంచి కాదు, గాజు సీసా. ఇనప స్టాండుకు తలకిందులుగా వేలాడదీసి, రబ్బరు గొట్టం తగిలించి, చిన్న ఆంపూల్ విరిచి మందు అందులో కలిపారు. పిటోసిన్. నిమిషానికి ఇన్ని చుక్కలని మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. అది మనిషి కళ్ళతో లెక్కపెట్టాలి. మెషిన్లు లేవు.

గొడవ అక్కడే వచ్చింది. పగటి డ్యూటీలో ఉన్న నర్సు గొట్టం బిగింపు వదులు చేసి బయటికి పోయింది. మీ తాతయ్యనూ అత్తగారినీ లోపలికి రానివ్వరు. మొదట నడుములో పట్టినట్టు సన్నగా వచ్చినై. చూస్తుండగానే ఒకదాని మీద ఒకటి. మామూలు నొప్పులైతే మెల్లగా ముదురుతై, మధ్యలో విడుపుంటుంది, ఊపిరి తీసుకుంటాం. నాకు విడుపే లేదు. అరిస్తే ఆయా వచ్చి తొడ మీద ఒక్కటి వేసి, “అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకే” అంది. ఆ దెబ్బ తగ్గింది గానీ ఆ మాట ఇంతవరకూ తగ్గలేదు నాకు. కన్న నొప్పి మర్చిపోతామంటారు, నిజమే. అన్న మాట మర్చిపోం.

పొద్దుగూకాక రాత్రి నర్సు వచ్చింది. మలయాళీ పిల్ల, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. రాగానే నా మొహం చూడలేదు, సీసా చూసింది. చప్పున గొట్టం బిగించింది. పొట్ట మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది. “కడుపు గట్టి, గట్టి, గట్టి. మెత్త కావాలి. మెత్త అయితేనే పాపకు గాలి” అంది. తర్వాత నేను చదివి తెలుసుకున్నది ఆమె ఆ నాలుగు ముక్కల్లోనే చెప్పేసింది. గర్భసంచి బిగిసినంతసేపూ మాయలోకి రక్తం సరిగా పోదు. మధ్యలో సడలితేనే బిడ్డకు ప్రాణవాయువు అందేది. ఆ మందులో ఒక మంచి గుణం కూడా ఉంది, ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. ఆపేస్తే కాసేపట్లో నొప్పులు నెమ్మదిస్తై. నాకూ నెమ్మదించినై. అల్యూమినియం గొట్టం ఒకటి పొట్టకానించి, రెండో కొసకు చెవిపెట్టి గుండె విన్నది. నా వంక చూసి తలూపింది. మళ్ళీ సీసా వదిలింది, ఈసారి కొద్దికొద్దిగా.

నడిరేయి కరెంటు పోయింది. ఆ పిల్ల స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఎడమచెయ్యి నా పొట్ట మీద, కుడిచేతిలో టార్చి. చుక్క పడేచోట లైటు వేసి, చేతి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టింది. మలయాళంలో లెక్కపెట్టింది. ఒన్ను, రండు, మూన్ను. నొప్పి వచ్చినప్పుడల్లా నేనూ ఆ లెక్క పట్టుకున్నా. నొప్పి తగ్గిందా అంటే లేదు. చచ్చేంత నొప్పే. కానీ భయం పోయింది. నొప్పి, భయం రెండూ ఒకటేనని ఆ పగలంతా అనుకున్నా గానీ, కాదు.

తెల్లవారుజామున మీ అమ్మ పుట్టింది. మాయ పడ్డాక రక్తం ఆగడానికి సూది వేసి, కుట్లు వేశారు. కుట్లప్పుడు మత్తు సరిగ్గా పట్టలేదు, అదో బాధ, దాన్ని తల్చుకోను. బీపీ తగ్గేదాకా ఉంచి పంపించారు. బారసాల కాకముందే, జనవరి 18న, రాష్ట్రపతి పాలన వచ్చింది. చీరాల నుంచి మా అమ్మ వచ్చేసరికి పిల్ల మెడ నిలబెడుతోంది.

ఆ మందేంటో తెలుసుకోవాలని తర్వాత చాలా చదివా, బళ్ళో సైన్సు చెప్పేదాన్ని కదా. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉంటుంది చూడు, దాని రసానికి గర్భసంచిని బిగించే గుణముందని హెన్రీ డేల్ అనే ఇంగ్లీషాయన 1906లో రాశాడు. చాలా కాలం పశువుల గ్రంథుల నుంచే తీసి వాడారు. 1953లో డు విన్యో అనే అమెరికా ఆయన దాన్ని ల్యాబులో తయారుచేశాడు, 1955లో నోబెల్ ఇచ్చారు. మన ఒంట్లో ఊరేదీ, సీసాలో వచ్చేదీ ఒకటే పదార్థం. తేడా అంతా ఎంత, ఎంత వేగంగా అన్నదాంట్లోనే.

ఇప్పుడు నీకు ఇంకా సుళువు. నలభై ఒకటో వారం దాటితే ఆగొద్దని డబ్ల్యూహెచ్‌వో కూడా చెబుతోంది కాబట్టి మీ డాక్టరమ్మ తొందరపడుతోందని అనుకోబాకు. ముందు జెల్లో మాత్రలో ఇచ్చి ద్వారం మెత్తబడనిస్తారు, తర్వాతే సెలైన్. చుక్కలు మెషిన్ చూసుకుంటుంది, బిడ్డ గుండె పొట్టకు కట్టిన బెల్టు చెబుతుంది. ఒక్కోసారి ఎంత చేసినా ద్వారం తెరుచుకోదు, అప్పుడు ఆపరేషనే. అయితే అయింది, అది నీ చేతకానితనం కాదు. కానీ మెషిన్ ఉంది కదా అని గదిలో మనిషి లేకుండా పోయే రోజులివి. దానికి నేను ఒప్పుకోను. మెషిన్ చుక్కలు లెక్కపెడుతుంది, చెయ్యి పట్టుకోదు.

2016లో కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది, ప్రభుత్వాస్పత్రుల్లో కాన్పు గదిలోకి తోడు ఒక ఆడమనిషిని రానివ్వాలని, ఆ మనిషి కాన్పు నొప్పులు పడినదైతే మరీ మంచిదని. నేను పడ్డా కదా! మీది ప్రైవేటే అయినా అడగడానికేం? ఎందుకు తెప్పిస్తున్నారో అడుగు, రాత్రి పక్కన ఎవరుంటారో అడుగు, నొప్పులకు విడుపు లేకపోతే ఎవరిని పిలవాలో అడుగు. మొహమాటపడబాకు. మీ అమ్మను మాత్రం లోపలికి తీసుకుపోవద్దు, నీకంటే ముందు అదే ఏడుస్తుంది. మా అమ్మమ్మ వస్తుందని చెప్పు. కాదంటే నాతో మాట్లాడించు.